అడిగి తెచ్చుకున్న నిప్పు

కార్తీక మాసంలో ఒక ఆదివారం నూజివీడు దగ్గరి మామిడి తోటకు వనభోజనాలకు వెళ్లాం. చిన్నా పెద్దా కలిపి ఇరవై ఇద్దరం. బియ్యం, పప్పు, కూరగాయలు, నూనె డబ్బా, గుండిగలు, గరిటెలు, విస్తళ్లు, మంచినీళ్ల క్యాన్లు అన్నీ రెండు ఆటోల్లో దిగాయి. కరివేపాకు ఎక్కడ మరిచిపోతామోనని మా వదిన రెండు సంచుల్లోనూ రెమ్మలు పెట్టింది. తోట మూలన ఉసిరి చెట్టు కింద మూడు రాళ్లు చేర్చి పొయ్యి పెట్టాం. పిల్లలు చిదుగులు ఏరుకొచ్చారు. అప్పుడు తెలిసింది, అగ్గిపెట్టె ఎవరూ తేలేదని.

ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. పాతికేళ్ల కిందట ఇంతమంది చేరితే కనీసం నలుగురి జేబుల్లో అగ్గిపెట్టె ఉండేది. ఇప్పుడు మా ఇళ్లలో చుట్టా బీడీ కాల్చేవాళ్లు లేరు. అది సంతోషించాల్సిన సంగతే. వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన లైటరు వేలాడుతూ ఉంటుంది. టిక్కుమనిపిస్తే మంట. అగ్గిపెట్టె దేవుడి గూట్లో, ఒత్తుల డబ్బా పక్కన ఎక్కడో ఉంటుంది. బయటికి వెళ్లేటప్పుడు నిప్పు కూడా వెంట తీసుకెళ్లాలన్న ఆలోచన మనసులోంచి ఎప్పుడు జారిపోయిందో మాకే తెలియదు.

పొయ్యిలో పిల్లి లేవలేదంటారే, పది గంటలవుతున్నా మా పరిస్థితి అచ్చం అదే.

పిల్లలకు మాత్రం ఇదొక పండగలా అనిపించింది. మా తమ్ముడి కొడుకు రెండు తెల్లటి పలుగురాళ్లు పట్టుకొచ్చి, "పెదనాన్నా, రాతియుగంలో రాళ్లు కొట్టే కదా నిప్పు పుట్టించింది!" అన్నాడు. టకటకా కొట్టాడు. చెట్టు నీడలో చిన్న మెరుపులాంటిది కనిపించినట్టే కనిపించి పోయింది.

ఆ మెరుపు నాకూ పాత నేస్తమే. చిన్నప్పుడు రాత్రిళ్లు దుప్పటి ముసుగు పెట్టి రెండు పలుగురాళ్లు రాపాడిస్తే, రాయి లోపల పసుపుపచ్చని వెలుగు కదిలేది. ఏదో కాలిన వాసన కూడా వచ్చేది. రాళ్లలో నిప్పు దాక్కుందని గట్టిగా నమ్మేవాళ్లం. పెద్దయ్యాక తెలిసింది, అది రాపిడికి రాతి స్ఫటికంలో పుట్టే చల్లని వెలుగని. దానితో దూదిపింజ కూడా అంటుకోదు. అయినా ఆ నమ్మకం తప్పయిందని ఎప్పుడూ బాధపడలేదు. వెలుగు చూశాం కదా, అది చాలు.

మా మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అడవిలో ఒంటరిగా నిప్పు రాజేసేవాళ్ల వీడియోలు ఫోనులో బోలెడు చూశాడట. బూటు తాడు విప్పి, వంగిన కొమ్మకు కట్టి విల్లు చేశాడు. ఆ తాడును నిలువు పుల్లకు ఒక చుట్టు తిప్పి, పుల్ల మొనను ఒక చెక్క మీద నిలబెట్టాడు. పైన చిన్న రాతితో అదిమి పట్టుకుని విల్లును ముందుకూ వెనక్కీ లాగడం మొదలుపెట్టాడు. పుల్ల కవ్వంలా గిరగిరా తిరిగింది.

దగ్గర కూర్చుని చూస్తే అదొక చిలకడమే. కింది చెక్క అంచున చిన్న గాటు పెట్టాలి. రాపిడికి రాలిన పొడి ఆ గాటులో చేరుతుంది. మొదట అది గోధుమ రంగులో ఉంటుంది, తర్వాత కాఫీపొడి రంగుకు తిరుగుతుంది, చివరికి మసిలా నల్లబడుతుంది. వేడి 400 డిగ్రీల దరిదాపులకు చేరాక ఆ నల్లపొడి తనంతట తానే రాజుకుంటుంది. అప్పుడైనా మంట రాదు. ఆవగింజంత ఎర్రటి కణిక, దాని మీద దారంలాంటి పొగ, అంతే. దాన్ని ఎండుపీచు గూటిలోకి జార్చి, పసిగుడ్డును ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని ఊదాలి. గట్టిగా ఊదితే చెదిరిపోతుంది. ఊదకపోతే ఆరిపోతుంది. ఎంత ఊదాలో ఊపిరికే తెలియాలి.

మావాడికి కాఫీపొడి రంగు దాకా వచ్చింది. సన్నగా పొగ కూడా లేచింది. పిల్లలు కేకలు పెట్టారు. కార్తీకపు మంచుకు తడిసిన కొమ్మ మరి, అక్కడి నుంచి ముందుకు పోలేదు. అరగంట అయ్యేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు.

వాడి భుజం తట్టి డార్విన్ సంగతి చెప్పాను. 1835 నవంబరులో ఆయన ఓడ పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవికి చేరింది. కొండల్లోకి వెళ్లినప్పుడు దారి చూపే స్థానికులు రాత్రి వంటకు మందార జాతి చెట్టు తేలికపాటి కర్రను, గాడి చేసిన మరో కర్ర మీద రుద్ది చిటికెలో నిప్పు తెప్పించారు. చూస్తే చాలా సులువుగా ఉంది. డార్విన్ తానూ ప్రయత్నించాడు. ఒళ్లంతా అలిసిపోయేదాకా రుద్దితే ఎట్టకేలకు పొడి రాజుకుంది. అప్పుడు తనకు ఎంతో గర్వం కలిగిందని ఆయనే రాసుకున్నాడు. జీవుల పుట్టుక గురించి లోకం ఆలోచనను మార్చబోయే మనిషి, చిటికెడు పొడి రాజుకున్నందుకు అంత పొంగిపోయాడు. ఆ మాట చదివినప్పుడల్లా ఆయన మన ఇంటి పిల్లవాడిలా అనిపిస్తాడు.

మనం అంత దూరం వెళ్లనక్కర్లేదు, నల్లమల ఉంది. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మధ్య ఉండి, వాళ్ల బతుకును పుస్తకంగా రాశాడు. అడవిలో తిరిగే చెంచులకు చెకుముకి రాయి, ఉక్కుముక్క, కాస్త బూరుగుదూది ఉంటే నిప్పుకు లోటు లేదు. రాయి అంచుతో ఉక్కును చటుక్కున గీస్తే రవ్వలు రాలతాయి. ఒక్క రవ్వ దూదిలో పడి నిలిస్తే చాలు.

ఇందులో ఒక విశేషం ఉంది. ఆ రవ్వ రాయిది కాదు, ఉక్కుది. రాతి పదునుకు ఉక్కులోంచి అణువంత ముక్క ఊడి, ఆ వేడికి గాలిలోనే అంటుకుంటుంది. రాయి ఒక్కటే ఉన్నా రాదు, ఉక్కు ఒక్కటే ఉన్నా రాదు. రెండూ కలిసినా పక్కన మెత్తని దూది కాచుకుని ఉండాలి. నిప్పు పుట్టుకలోనే ఒకరికొకరు తోడు కావడమనేది ఉందేమో అనిపిస్తుంది.

మా దగ్గర ఉక్కూ లేదు, బూరుగుదూదీ లేదు. తోట అవతలి చివర కాపలావాళ్ల పాక మీద మాత్రం సన్నగా పొగ లేస్తోంది. నిప్పు లేనిదే పొగ రాదు కదా. తమ్ముడి కొడుకును వెంటబెట్టుకుని అటు నడిచాను.

పాక ముందు అరవై ఏళ్లావిడ బియ్యం చెరుగుతోంది. "అగ్గిపెట్టె ఉంటే ఒకసారి ఇస్తావా అమ్మా?" అని అడిగాను. ఆవిడ చేట ఆపి, "అగ్గిపెట్టె అయిపోయి రెండు రోజులైంది బాబూ. నిప్పుంది, పట్టుకెళ్లండి" అంది.

ఆ మాట నన్ను అక్కడే నిలబెట్టేసింది. అగ్గిపెట్టె లేదు, నిప్పుంది. మా దృష్టిలో ఆ రెండూ ఒకటే అయిపోయి ఎన్నాళ్లయిందో!

ఆవిడ లేచి పొయ్యి దగ్గర కూర్చుంది. బూడిదను పుల్లతో మెల్లగా పక్కకు తీసింది. పైకి చల్లారినట్టున్న బూడిద కింద ఎర్రగా మూడు నాలుగు కణికలు కళ్లు తెరిచాయి. పగిలిన కుండ పెంకులో గుప్పెడు బూడిద పరిచి, దాని మీద మూడు కణికలు పెట్టి, పైన పిడక ముక్క కప్పింది. పిల్లవాడి చేతికిస్తూ, "గాలికి ఎదురు పట్టకు నాయనా. నీ ఒంటిని అడ్డం పెట్టుకుని నడువు. దారిలో రెండుసార్లు ఊదు, చాలు" అని చెప్పింది.

వాడు కన్నార్పకుండా పెంకును చూసుకుంటూ నడిచాడు. వాడి పక్కన నడుస్తున్నానే కానీ, నా మనసు మా అమ్మమ్మ వంటింటి గడప దగ్గరికి వెళ్లిపోయింది.

అమ్మమ్మ రాత్రి వంట అయ్యాక పొయ్యి ఆర్పేది కాదు. మిగిలిన కణికలను ఒకచోటికి చేర్చి, మీద బూడిద కప్పేది. బూడిద గాలిని ఎక్కువగా చొరనివ్వదు కాబట్టి కణిక లోలోపలే మెల్లగా కాలుతూ తెల్లారేదాకా నిలుస్తుంది. నివురు గప్పిన నిప్పు అన్న మాటను మనం ఇప్పుడు కోపానికీ పగకీ వాడుతున్నాం. అమ్మమ్మకు మాత్రం అది రేపటి వంట. పొయ్యిలో పిల్లి పడుకునేది కూడా ఆ వెచ్చదనం కోసమే. తెల్లవారి పిల్లిని అదిలించి, బూడిద తీసి, రెండు కొబ్బరిపీచు పోచలు వేసి ఊదుగొట్టంతో ఊదేది. పెరట్లో దాలి ఉండనే ఉండేది. పిడకల సెగ మీద పాలు పొద్దస్తమానం కాగుతూ మీగడ కట్టేవి. ఇంట్లో ఏదో ఒక మూల నిప్పు మేలుకునే ఉండేది.

ఒక్కోసారి వానజల్లుకు పొయ్యి చల్లారిపోయేది. అప్పుడు నన్నే పక్కింటికి పంపేది. గరిటె కాడ పట్టుకుని వెళ్తే, ఆ ఇంటావిడ ఏమీ అడగకుండా నిప్పు వేసేది. నిప్పుతోపాటు ఒక మాటా వచ్చేది. "మీ అమ్మమ్మకు దగ్గు తగ్గిందా?" అనో, "మీ ఆవు ఈనిందటగా!" అనో. మరో రోజు వాళ్లమ్మాయి పిడకముక్క పట్టుకుని మా ఇంటికి వచ్చేది. ఇది అప్పు కాదు. ఎవరూ లెక్క రాసుకునేవాళ్లు కాదు.

ఒకడు ఇల్లు కాలి ఏడుస్తుంటే ఇంకొకడు చుట్టకు నిప్పు అడిగాడని సామెత. ఆ మనిషి సమయం సందర్భం ఎరగనివాడే. కానీ ఆ సామెత వెనక ఒక పాత రోజు కనిపిస్తుంది. నిప్పు అడగడం అంత మామూలు సంగతి. దారిన పోయేవాడిని ఆపి చుట్టకు నిప్పు అడిగితే, అక్కడే నాలుగు మాటలు కలిసేవి.

నిప్పు పుట్టించడం మనిషి గొప్ప విద్య అని పుస్తకాల్లో చదువుకున్నాం. నిజమే. కానీ దాన్ని దాచుకోవడం, మోసుకెళ్లడం, అడిగి తెచ్చుకోవడం అంతకన్నా రోజువారీ విద్యలు. 1991లో ఆల్ప్స్ పర్వతాల్లో, ఆస్ట్రియా ఇటలీ సరిహద్దున, మంచులో ఒక మనిషి దేహం దొరికింది. అయిదు వేల ఏళ్ల పైబడిన దేహం. అతనికి ఓట్జి అని పేరు వచ్చింది. అతని వెంట బర్చ్ చెట్టు బెరడుతో చేసిన డొప్పలు ఉన్నాయి. అందులో ఒక దానిలో మేపుల్ ఆకులు, బొగ్గు తునకలు కనిపించాయి. కణికలను పచ్చి ఆకుల్లో చుట్టి ఒక మజిలీ నుంచి మరో మజిలీకి మోసుకెళ్లేవాడన్నమాట. చెకుముకి రాయి కొట్టి నిప్పు పుట్టించే సరంజామా కూడా అతని దగ్గర ఉండేదనడానికి ఆనవాళ్లు దొరికాయి. అయినా నిన్నటి నిప్పును వదిలిపెట్టకుండా వెంట తీసుకెళ్లాడు. కుండ పెంకు పట్టుకుని మామిడి చెట్ల మధ్య నడుస్తున్న మా పిల్లవాడికీ అతనికీ పెద్ద తేడా కనిపించలేదు.

మన కోనసీమ అగ్రహారాల్లోనూ అలా నిప్పును వదలనివాళ్లు, ఆహితాగ్నులు, ఉంటూ వచ్చారు. వాళ్లింట్లో శ్రౌతాగ్ని, అంటే వేదవిధిన నిలిపిన యజ్ఞాగ్ని, జీవితాంతం నిలవాలి. ఆ నిప్పును అరణి అనే కర్రల జతతో చిలికి పుట్టిస్తారు. జమ్మి చెట్టు మీద మొలిచిన రావి కర్రతో అరణి చేయడం సంప్రదాయం. నిలువు కర్రను ఒకరు అదిమి పట్టుకుంటే, తాడును మరొకరు లాగాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. భార్యాభర్తలు ఇద్దరూ ఉంటేనే ఆ అగ్నికి అర్హత. ఊరు వెళ్లాల్సి వస్తే నిప్పును మంత్రపూర్వకంగా అరణిలోకి ఎక్కించుకుని వెంట తీసుకెళ్తారు. చివరికి ఆ మనిషి పోయినప్పుడు చితికి అంటించేదీ ఆ నిప్పునే. బతికినన్నాళ్లూ కాపాడుకున్న నిప్పే వచ్చి తీసుకెళ్తుంది. డేవిడ్ నైప్ అనే అమెరికా పండితుడు ఈ కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి తిరిగి, 2015లో వాళ్ల జీవితాల మీద పుస్తకం తెచ్చాడు.

అలాగని అగ్గిపెట్టెను చిన్నచూపు చూడలేను. 1827లో ఇంగ్లండులోని స్టాక్టన్ పట్నంలో జాన్ వాకర్ అనే మందుల దుకాణదారు గీస్తే వెలిగే పుల్లలు అమ్మాడు. ఆయన దాని మీద పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా చేసుకోవచ్చన్నట్టు వదిలేశాడు. మన దగ్గరికి మొదట్లో ఓడల్లో స్వీడన్ నుంచి, జపాన్ నుంచి అగ్గిపెట్టెలు వచ్చేవి. 1920ల తొలినాళ్లలో శివకాశి నుంచి వరసకు అన్నదమ్ములైన ఇద్దరు నాడార్లు కలకత్తా వెళ్లి పని నేర్చుకుని వచ్చి, ఆ ఎండల ఊళ్లో పరిశ్రమ మొదలుపెట్టారు. అక్కడి నుంచే మన కిళ్లీకొట్ల దాకా అగ్గిపెట్టెలు వచ్చాయి. ఎన్నో ఏళ్లు రూపాయి ధర మీదే నిలబడి, 2021 డిసెంబరు 1 నుంచి అగ్గిపెట్టె రెండు రూపాయలైంది. అది కూడా పద్నాలుగేళ్ల తర్వాత పెరిగిన ధర. ఇంత చవకగా ఇంత పని చేసే వస్తువు ఇంట్లో మరొకటి ఉందా?

పొగకు ఎర్రబడిన అమ్మమ్మ కళ్లు నాకు గుర్తున్నాయి. వానాకాలం తడి కట్టెల ముందు ఊది ఊది ఆవిడకు వచ్చిన దగ్గూ గుర్తుంది. గూట్లో నిండు అగ్గిపెట్టె ఉన్న రోజున ఆవిడ నిద్ర ఎంత నిశ్చింతగా ఉండేదో నాకు తెలుసు. అర్ధరాత్రి పసిపిల్ల ఏడిస్తే, పాము జరజరమని పాకిన చప్పుడైతే, ఒక్క పుల్ల గీస్తే దీపం. ఆ సుఖాన్ని ఎవరు కాదంటారు? కాకపోతే అగ్గిపెట్టె వచ్చాక పక్కింటి గడప ఎక్కే పని ఒకటి తగ్గింది. సుఖం వచ్చిన దారినే ఒక పలకరింపు వెళ్లిపోయింది. అది ఎవరి తప్పూ కాదు. కాలం ఒక చేత్తో ఇస్తూ ఇంకో చేత్తో తీసుకుంటుంది.

జాక్ లండన్ 1908లో రాసిన 'టు బిల్డ్ ఎ ఫైర్' కథ ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుంటే గుర్తొచ్చింది. కెనడా ఉత్తరాన యూకాన్ మంచు ప్రాంతంలో, సున్నాకు దిగువన 75 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో, ఒక మనిషి కాలిబాటన వెళ్తుంటాడు. పక్కన కుక్క తప్ప ఎవరూ లేరు. అంత చలిలో తోడు లేకుండా వెళ్లవద్దని ఒక అనుభవశాలి ముందే చెబుతాడు. ఇతను పట్టించుకోడు. దారిలో కాళ్లు తడుస్తాయి. నిప్పు రాజేస్తాడు. చెట్టు మీది మంచు పడి అది ఆరిపోతుంది. మళ్లీ ప్రయత్నిస్తే వేళ్లు కదలవు. డెబ్బై అగ్గిపుల్లలను ఒక్కసారే గీసి వెలిగించినా లాభం లేకపోతుంది.

ఆ కథ మొదటిసారి చదివినప్పుడు చలి గురించిన కథ అనుకున్నాను. ఇప్పుడు వేరేగా తోస్తోంది. అతని దగ్గర అగ్గిపుల్లలు డెబ్బై ఉన్నాయి. పుల్ల గీసి పెట్టే రెండో చెయ్యి లేదు. తోటలో మాకు ఒక్క పుల్ల కూడా లేదు. అయినా పదకొండు గంటలకల్లా పొయ్యి భగ్గున మండింది. అక్కడికి నూరడుగుల దూరంలో ఒక మనిషి ఉంది, అంతే తేడా.

పిల్లవాడు కణికలను పొయ్యిలోకి ఒంపి, ఎండుటాకులు వేసి తనే ఊదాడు. బుగ్గలు రెండూ పూరీల్లా పొంగించి ఊదాడు. మొదట పొగ, తర్వాత చిటపట, ఆ తర్వాత మంట. మా మేనల్లుడు బొబ్బల చేతులతోనే చప్పట్లు కొట్టాడు. ఆ రోజు పప్పుచారుకూ వంకాయ కూరకూ వచ్చిన రుచి మాటల్లో చెప్పలేను. కట్టెల పొయ్యి రుచి అన్నారు కొందరు. నాకు మాత్రం అందులో ఆ పాక బూడిద వాసన కూడా ఉందనిపించింది.

వదిన వెళ్లి ఆవిడను భోజనానికి పిలుచుకొచ్చింది. ఉసిరి చెట్టు కింద మా పక్కనే కూర్చుని తింది. తన మనవలు విజయవాడలో చదువుకుంటున్నారని, ఈ ఏడు కాపు పలచగా ఉందని ఏవేవో చెప్పింది. మాటల్లో ఎండ వాలిపోయింది.

సామాన్లు ఆటోల్లోకి ఎక్కించాం. పొయ్యి మీద నీళ్లు చల్లుదామని తమ్ముడు బకెట్టు ఎత్తాడు. ఆ వేళకు ఆవిడ మళ్లీ గబగబా వచ్చింది. చేతిలో అదే కుండ పెంకు.

"ఆగండి బాబూ, నీళ్లు పోయకండి. మీతో కబుర్లలో పడి మా పొయ్యి ఆరిపోయింది. రెండు కణికలు పట్టుకెళ్తా" అంది.

మా పిల్లవాడు ఆ పెంకు అందుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే ముందు గుప్పెడు బూడిద పరిచాడు. ఎర్రగా ఉన్న కణికలు ఏరి పెట్టాడు. పైన పిడక ముక్క కప్పాడు. "నేను తెచ్చిస్తా మామ్మా" అని, పొద్దున వచ్చిన దారినే గాలికి వీపు అడ్డం పెట్టి, పక్కవాటుగా అడుగులో అడుగు వేసుకుంటూ ఆవిడ వెంట నడిచాడు.